వీధి గీసేముందు నడవండి

సంపాదకులకు,

ఎవరైనా దిద్దగలిగే ఆన్‌లైన్ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో తమ వీధిని దిద్దాలనుకునే మారతహళ్లి తెలుగువారికి ఒక మాట. ఉపగ్రహ చిత్రం చూసి వెంటనే గీత గీసేయకండి. ఆ చిత్రమే కొన్ని మీటర్లు పక్కకు జరిగి ఉండవచ్చు. గీసిన వీధీ అలాగే జరుగుతుంది. అదే దారిలో నాలుగైదుసార్లు నడిచి, ఫోన్ నమోదుచేసిన ఆ జీపీఎస్ జాడల నడిమికి చిత్రాన్ని జరిపి, అప్పుడు గీయాలి. ఒక్క జాడ చాలదు. ఎత్తైన అపార్ట్‌మెంట్ల మధ్య సిగ్నల్ గోడలకు తగిలి వస్తుంది. ఆరుబయటే ఫోన్ ఐదు మీటర్ల దాకా తప్పుతుంది మరి!

పేర్లు వీధి బోర్డు చూసే రాయండి. గూగుల్ మ్యాప్స్ నుంచి ఎత్తిరాయడానికి లైసెన్సు ఒప్పదు, తీసేస్తారు. ‘3వ క్రాస్’ అంటే సరిపోదు, బెంగళూరులో ఏ లేఅవుట్‌కు ఆ లేఅవుట్‌కు ఒకటుంటుంది. వన్‌వే పెట్టేముందు గీసిన గీత మీది బాణం ఎటుందో చూసుకోండి. తిరగబడితే బండ్లు ఎదురెళ్తాయి.

– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు