ఓపీ సాయంత్రం కూడా ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

ముసలి తల్లిదండ్రుల గురించి పత్రికల్లో వచ్చేవాటిలో ఎక్కువభాగం పింఛను గురించో, మందుల ఖర్చు గురించో, పిల్లల నిర్లక్ష్యం గురించో ఉంటాయి. అమ్మానాన్నల్ని దగ్గరుండి చూసుకుంటూ, తామూ షుగర్‌కో బీపీకో మాత్రలు మింగుతూ, దుకాణంలోనో చిన్న కంపెనీలోనో కొలువు చేసే నలభై, యాభై ఏళ్లవాళ్ల గురించి ఎవరూ పట్టించుకోరు. వాళ్లకు డబ్బు కంటే ముందు కరువయ్యేది సమయం. ఒక పూటలో తేలాల్సిన ఆస్పత్రి పనికి రెండు రోజుల సెలవు పోతోంది. దీన్ని సరిచేయడం ప్రభుత్వం చేతిలో ఉంది.

షుగర్ పరీక్షనే తీసుకోండి. చాలా ప్రభుత్వాసుపత్రుల్లో ఓపీ పొద్దున మొదలై మధ్యాహ్నానికి ముగుస్తుంది. చీటీకి ఒక వరస, డాక్టరు గది ముందు ఇంకో వరస. రక్తపరీక్ష రాసేసరికి పదకొండవుతుంది. పెద్దావిడ అప్పటికే టిఫిన్ చేసి ఉంటే పరగడుపున రేపు రమ్మంటారు. తినకుండా వచ్చి ఉంటే ఒకసారి రక్తం ఇచ్చి, తిని, రెండు గంటలాగి మళ్లీ ఇవ్వాలి. రిపోర్టు వచ్చేలోపు డాక్టరు వెళ్లిపోతారు. అది చూపించడానికి మర్నాడు ఇంకో సెలవు.

ఈ పద్ధతిలో ప్రమాదం కూడా ఉంది. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ తగ్గించే మాత్రో, తిండికి ముందు పొడుచుకునే ఇన్సులినో అలవాటు ప్రకారం ఇంటి దగ్గరే తీసుకుని, పరీక్ష కోసం తినకుండా కూర్చుంటే షుగర్ 70 కంటే కిందికి పడిపోవచ్చు. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది. బాగా పెద్దవాళ్లలో ఒక్కోసారి ఇవేవీ కనబడవు, ఊరికే ముభావంగా అయిపోతారు. వెంట వచ్చిన కూతురు చీటీ వరసలో ఉంటుంది కాబట్టి గమనించదు. తెలివిలో ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ షుగర్ చూడాలి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా నేరుగా క్యాజువాల్టీకి తీసుకెళ్లాలి. పరీక్ష రోజున ఆ మందులు రక్తం ఇచ్చాక, తిండి ముందు పెట్టుకున్నాకే తీసుకోవాలన్న ఒక్క వాక్యం ఓపీ చీటీ మీద ముద్ర కొట్టి ఇస్తే ఈ ముప్పు చాలావరకు తప్పుతుంది.

అసలు ప్రతిసారీ పరగడుపు పరీక్షే కావాలా? గడిచిన రెండు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీకి పరగడుపు అక్కర్లేదు, ఏ వేళలోనైనా రక్తం తీయొచ్చు. రక్తహీనత, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో ఆ అంకె తప్పుదారి పట్టించవచ్చు కాబట్టి అందరికీ అదొక్కటే చాలదు. మిగతావాళ్లకు డాక్టరు ఈసారి చూసినప్పుడే వచ్చేసారికి కావాల్సిన పరీక్షలు రాసిచ్చేయొచ్చు. తెలంగాణలో టీ-డయాగ్నొస్టిక్స్ అనే ప్రభుత్వ ఉచిత పరీక్షల పథకం కింద ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన రక్తం హబ్ అనే పెద్ద ల్యాబ్‌కు వెళ్లి, ఫలితం ఫోనుకు వచ్చే ఏర్పాటు ఇప్పటికే ఉంది. ముందే రాసిన చీటీ చేతిలో ఉంటే ఇంటికి దగ్గర్లో రక్తం ఇచ్చి, ఫలితంతోనే డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చు. రెండు రోజుల పని ఒక పూటలో అయిపోతుంది. అమ్మకూ కొడుకుకూ ఇద్దరికీ షుగర్ ఉంటే ఇద్దరికీ ఒకే తేదీ ఇవ్వాలి. జబ్బు అదుపులో ఉన్నవాళ్లకు మాత్రలు నెలకోసారి కాకుండా మూడు నెలలకు సరిపడా ఇవ్వాలి.

సెలవుల సంగతికొస్తే, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉన్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం సహేతుకమైన కారణానికి ఏడాదికి 12 రోజుల వరకు జీతంతో కూడిన క్యాజువల్ లీవు ఇస్తుంది. అది చాలామంది ఉద్యోగులకు తెలియదు, తెలిసినా అడిగే ధైర్యం ఉండదు. ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) ఉన్నవాళ్లు ఆధారపడిన తల్లిదండ్రులకు, ఆదాయ పరిమితికి లోబడి, వైద్యం చేయించుకోవచ్చు. కానీ జీతంలో 70 శాతం ఇచ్చే అనారోగ్య భత్యం ఉద్యోగి తాను జబ్బుపడితేనే, అదీ మామూలుగా మొదటి రెండు రోజులు పోను. అంటే అమ్మకు మందు ఉచితం, ఆ మందు తెచ్చే రోజుకు మాత్రం జీతం లేదు. కేంద్ర ఉద్యోగులు తమ 30 రోజుల ఆర్జిత సెలవును, 20 రోజుల సగం జీతం సెలవును తల్లిదండ్రుల సంరక్షణకు వాడుకోవచ్చని 2025 జులైలో కేంద్రం రాజ్యసభలో చెప్పింది. ప్రైవేటు కొలువులో అలాంటి భరోసా లేదు. పైగా ఒక్కరోజు మానితే హాజరు బోనస్ మొత్తం పోతుంది. మూడుసార్లు పావుగంట ఆలస్యమైతే సగం రోజు జీతం కోసే సంస్థలూ ఉన్నాయి. ఇంట్లో మంచంపట్టిన మనిషికి డైపర్ మార్చి, పక్క మార్చి బయల్దేరేవాళ్లకు ఆ పావుగంట ఎంత తరచుగా పోతుందో చెప్పనక్కర్లేదు. ఉన్న క్యాజువల్ లీవునే పూటలుగా విడగొట్టుకునే హక్కు చట్టంలో రాయాలి. ఓపీ చీటీ చూపిస్తే ఆ పూట హాజరు బోనస్‌కు అడ్డు కాకూడదు.

సెలవులన్నీ పెద్దవాళ్లకే అయిపోతే వాయిదా పడేది చూసుకునేవాళ్ల సొంత వైద్యం. షుగర్ ఉన్నవాళ్లు ఏడాదికోసారి రెటీనా, అంటే కంటి లోపలి పొర, చూపించుకోవాలి. కంట్లో చుక్కలు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, బండి నడపకూడదు. ఆ ఒక్క రోజు దొరక్కే చాలామంది ఆ పరీక్ష మానేస్తారు, రెటీనా దెబ్బతినడం నొప్పి లేకుండా జరుగుతుంది కాబట్టి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. నడుమునొప్పి ఇంకోటి. పుండ్లు పడకుండా మంచంలో ఉన్నవాళ్లను సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. చంకల కింద చేతులేసి లాగితే లాగేవాళ్ల నడుము పడుతుంది, రోగి భుజం, చర్మం దెబ్బతింటాయి. దుప్పటిని నాలుగు మడతలు చేసి భుజాల నుంచి తొడల దాకా కింద పరిచి, చెరోవైపు ఇద్దరు పట్టుకుని, మోకాళ్లు కాస్త వంచి జరపాలి. పది నిమిషాల్లో నేర్పగల పని ఇది. డిశ్చార్జి రోజున వార్డులో నర్సమ్మ ఇంటివాళ్లతో ఒకసారి చేయించి పంపితే చాలు.

సాయంత్రం ఓపీ కొత్త కోరిక కాదు. 2013లో మొదలైన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ మార్గదర్శకాల్లోనే పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో సాయంత్రం ఓపీ ఉండాలని ఉంది. వారానికి రెండు రోజులు, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా పెట్టి చూడమని రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలను కోరుతున్నాను. ఆ వేళకు డాక్టరుతోపాటు ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియన్ కూడా డ్యూటీలో ఉండాలి. డాక్టరు ఒక్కరే ఉంటే చీటీ చేతికొస్తుంది, మాత్రలకు మళ్లీ పొద్దున సెలవు పెట్టి రావాల్సి వస్తుంది.

– ఒక పాఠకురాలు, హనుమకొండ