గ్యారీ క్రాస్బీ గారికి, జనీన్ ఐరన్స్ గారికి మా కుటుంబం కృతజ్ఞతలు

లండన్‌లో మా అమ్మాయికి ఒక్క పౌండు కూడా తీసుకోకుండా జాజ్ సంగీతం నేర్పుతున్న టుమారోస్ వారియర్స్ సంస్థకు, 1991లో దాన్ని మొదలుపెట్టి ఇన్నేళ్లుగా మోస్తున్న గ్యారీ క్రాస్బీ, జనీన్ ఐరన్స్ గార్లకు నలుగురి ముందూ నమస్కారం చెప్పాలని ఇది రాస్తున్నాను. వాళ్లకు ఇంగ్లిషులో ఉత్తరం రాసి ఇచ్చాం. తెలుగులో రాయడానికి కారణం వేరే ఉంది. ఈ నగరంలో మనవాళ్లు ఎందరో ఉన్నారు. పిల్లలకు సంగీతం మీద ప్రాణం ఉన్నా డబ్బు దగ్గర ఆగిపోయిన ఇళ్లు మా ఒక్కరివే కావు. ఇలాంటి చోటు ఒకటుందని, దాన్ని కట్టినవాళ్లు ఎవరో, ఎందుకు కట్టారో మనవాళ్లకు తెలియాలి.

ముందు మా సంగతి. నేను వృద్ధుల సంరక్షణ కేంద్రంలో రాత్రి పని చేస్తాను. మా వారు సరుకుల గిడ్డంగిలో పని చేస్తారు. అమ్మాయి చిన్నప్పుడు గీతాలు, వర్ణాలు కొన్ని పాడేది. ఇక్కడికి వచ్చాక బడిలో ఎవరో ట్రాంబోన్ అనే, ఊది వాయించే ఇత్తడి వాద్యం వాయిస్తుంటే విని అది కావాలని పట్టుబట్టింది. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ బడుల్లో చదువుకు ఫీజు లేదు కానీ, వాద్యం నేర్చుకోవాలంటే చాలాచోట్ల తల్లిదండ్రులు విడిగా డబ్బు కట్టుకోవాలి. వాద్యానికి అద్దె వేరు. ఇంటి అద్దె పెరిగిన ఏడాది ఆ రెండూ మా వల్ల కాలేదు. బడివాళ్లను వాయిదాలు అడిగితే కుదరదన్నారు. అమ్మాయి ఒక్క మాట కూడా అనలేదు. వాద్యం పెట్టెను గుడ్డతో శుభ్రంగా తుడిచి తిరిగి ఇచ్చేసింది. అది ఏడ్చి ఉంటే నాకు అంత కష్టంగా ఉండేది కాదు.

నాతో కలిసి పని చేసే పెద్దావిడ ఒకరు జమైకా నుంచి వచ్చినవారు. ఒక రాత్రి టీ తాగుతూ ఈ విషయం చెబితే, "వారియర్స్ దగ్గరికి తీసుకెళ్లు" అన్నారు. ఆవిడ పేరు ఇక్కడ రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు. అక్కా, ఈ కృతజ్ఞతల్లో మొదటి వాటా మీదే.

థేమ్స్ నది ఒడ్డున సౌత్‌బ్యాంక్ సెంటర్ అని పెద్ద కళాకేంద్రం ఉంది. దేశదేశాల వాద్యబృందాలు వచ్చి కచేరీలు చేసే చోటు అది. వారాంతాల్లో అక్కడే ఈ పిల్లల పాఠాలు. మొదటిసారి వెళ్లినప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న ఫీజు ఎంత అని. ఫీజు లేదన్నారు. అర్థం కాక మళ్లీ అడిగాను. మళ్లీ అదే చెప్పి, అమ్మాయిని లోపలికి పిలిచారు.

గ్యారీ క్రాస్బీ గారి గురించి నేను తర్వాత తెలుసుకున్నాను. తెలిసేకొద్దీ గౌరవం పెరిగింది. ఆయన 1955లో లండన్‌లో, జమైకా మూలాలున్న కుటుంబంలో పుట్టారు. నిలబడి వాయించే పెద్ద తంత్రీవాద్యం డబుల్ బేస్ ఆయన వాద్యం. జాజ్ బృందంలో ఆ వాద్యానికి చప్పట్లు తక్కువే. కానీ నడక అంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఆయన మేనమామ వరసైన ఎర్నెస్ట్ రాంగ్లిన్ జమైకా సంగీతంలో మహా గిటారిస్టు. 1964లో లండన్ వచ్చి, ఇక్కడ జాజ్‌కు ముఖ్య పీఠమైన రానీ స్కాట్స్ క్లబ్బులో నెలల తరబడి వాయించారు.

అంతటి ఇంట్లో పుట్టినా, 1980లలో లండన్ జాజ్ లోకంలో నల్లజాతి యువకులకు తలుపులు అంత సులభంగా తెరుచుకోలేదు. ఎక్కడ వాయించాలి, ఎవరి పక్కన నిలబడి నేర్చుకోవాలి అన్నదే పెద్ద ప్రశ్న. అప్పుడు శాక్సఫోన్ విద్వాంసుడు కోర్ట్నీ పైన్, గాయకుడు క్లీవ్‌లాండ్ వాట్‌కిస్, గ్యారీ గారు, మరికొందరు కలిసి జాజ్ వారియర్స్ అనే పెద్ద బృందం కట్టుకున్నారు. వెస్టిండీస్ నుంచి వలస వచ్చినవాళ్ల పిల్లలు, తమ ఇళ్లలో విన్న లయలను జాజ్‌తో కలిపి, మేమూ ఈ దేశపు సంగీతకారులమే అని నిలబడిన సందర్భం అది. కోర్ట్నీ పైన్ వంటివారు దాని నుంచి పెద్ద పేరు తెచ్చుకున్నారు.

గ్యారీ గారికీ ఆ దారి ఉంది. సొంత బృందాలున్నాయి. జమైకా స్కా, రెగే లయలతో జాజ్ వాయించే జాజ్ జమైకా బృందాన్ని ఆయనే స్థాపించారు. నూ ట్రూప్ అనే చిన్న బృందాన్ని నడిపారు. దేశదేశాలు తిరిగి కచేరీలు చేసుకుంటూ హాయిగా ఉండవచ్చు. ఆయన ఏం చేశారంటే, 1991లో కామ్‌డెన్‌లోని జాజ్ కేఫ్‌లో జామ్ సెషన్లు మొదలుపెట్టారు. వాద్యం పట్టుకుని వచ్చిన కుర్రవాళ్లను వేదిక ఎక్కించి, అనుభవం ఉన్నవాళ్ల పక్కన నిలబెట్టి వాయించమన్నారు. తమ తరం ఎదుర్కొన్న వెతుకులాట తర్వాతి తరానికి ఉండకూడదనుకున్నారు. టుమారోస్ వారియర్స్ అలా పుట్టింది. తనను నిలబెట్టిన బృందం పేరులోని సగాన్ని రేపటి పిల్లలకు ఇచ్చేశారు.

ఇక్కడ మా అమ్మాయి వాద్యానికి సంబంధించిన ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో ఆల్ఫా బాయ్స్ స్కూల్ అని కాథలిక్ సన్యాసినులు నడిపిన బడి ఉండేది. తల్లిదండ్రులు లేని పిల్లలకు, పేద పిల్లలకు అక్కడ చేతిపనులతో పాటు బ్యాండు వాద్యాలు నేర్పేవారు. ట్రాంబోన్‌లో జమైకా మరచిపోలేని డాన్ డ్రమ్మండ్ అక్కడివాడే. అదే బడిలో ఆయన దగ్గర నేర్చుకున్న రికో రోడ్రిగెజ్ 1961లో ఇంగ్లండ్ వచ్చారు. ఇక్కడ ఎన్నో కష్టాలు పడి, చివరికి ఈ దేశపు సంగీతంలో పెద్ద పేరుగా నిలిచారు. ఆ రికో గారు జాజ్ జమైకాలో గ్యారీ గారి పక్కన వాయించారు. అంటే దిక్కులేని పిల్లలకు ఎవరో ఉచితంగా నేర్పిన విద్య సముద్రం దాటి, చేతులు మారి, మా ఇంటి దాకా వచ్చింది. ఇది తెలిసిన రోజు నేను చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను.

మనకు ఇది కొత్త కాదు. ఘంటసాల వెంకటేశ్వరరావు గారు విజయనగరం సంగీత కళాశాలలో చదువుకోవడానికి చేతిలో ఏమీ లేకుండా వెళ్లి, ఇంటింటా మధుకరం ఎత్తి కడుపు నింపుకున్నారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆయనను చేరదీసి విద్య నేర్పారు. ఆ గురువు ఆ రోజు ఆ పిల్లవాడిని కాదనుకుని ఉంటే తెలుగువాళ్లం ఏం పోగొట్టుకునేవాళ్లమో అందరికీ తెలుసు. లండన్‌లో గ్యారీ గారు చేస్తున్నది అదే పని. ఒక్కరికి కాదు, ముప్పై ఏళ్లు దాటి తరం తర్వాత తరానికి చేస్తున్నారు.

జనీన్ ఐరన్స్ గారి గురించి తక్కువ మంది రాస్తారు. ఆవిడ వేదిక మీద వాద్యంతో కనిపించరు కాబట్టి కావచ్చు. కానీ ఆవిడ లేకపోతే ఈ సంస్థ లేదు. ఉచితంగా నేర్పుదామని అనుకోవడం ఒక్క సాయంత్రం పని. ఆ మాటను దశాబ్దాల పాటు నిలబెట్టాలంటే గదులు కావాలి, గురువులకు జీతాలు ఇవ్వాలి, ప్రభుత్వ కళామండలికి లెక్కలు చెప్పాలి, దాతల తలుపులు తట్టాలి. నేర్చుకున్న పిల్లలు పెద్దయ్యాక వాళ్ల సంగీతాన్ని బయటికి తెచ్చేవారు లేరని, 1997లో ఇద్దరూ కలిసి డ్యూన్ రికార్డ్స్ అనే సంస్థ కూడా పెట్టారు. శాక్సఫోన్ వాయించే డెనిస్ బాప్టిస్ట్, సొవెటో కించ్ ఆల్బమ్‌లను ఆ సంస్థే తెచ్చింది. వాటిలో 1999లో ఒకటి, 2003లో ఒకటి, ఈ దేశంలో ఏటా ఉత్తమ ఆల్బమ్‌కు ఇచ్చే ప్రతిష్ఠాత్మకమైన మెర్క్యురీ బహుమతి తుది జాబితాకు చేరాయి. పెద్ద కంపెనీల డబ్బు లేకుండా సాధించిన పని అది. నేను జీతం రాగానే కాగితం మీద లెక్క వేసుకునే మనిషిని. అందుకే జనీన్ గారు మోసిన బరువు నాకు ఎక్కువగా అర్థమవుతుంది.

ఇక పాఠాలు ఎలా ఉంటాయో చెబుతాను. నేర్చుకున్న ప్రతివారూ మరొకరికి నేర్పాలి అన్నది అక్కడి సూత్రం. పెద్ద పిల్లలు చిన్నపిల్లల పక్కన కూర్చుంటారు. కాగితం మీద ఉన్నది చూసి వాయించడం కంటే చెవితో విని పట్టుకోవడానికి విలువ ఎక్కువ. ఒకరు వాయిస్తుంటే మిగతావాళ్లు వినాలి, తన వంతు వచ్చినప్పుడు అప్పటికప్పుడు కల్పించుకుని వాయించాలి. మన కర్ణాటక సంగీతంలోని మనోధర్మంతో పరిచయం ఉన్నవాళ్లకు ఇది పరాయిగా అనిపించదు. రాగం బదులు కింద కదిలే స్వరమేళనాలు చెవిలో పెట్టుకోవాలి, అంతే తేడా. ట్రాంబోన్‌కు మీటలు ఉండవు. ఏడు స్థానాలున్న జారుడు గొట్టాన్ని ముందుకూ వెనక్కూ కదుపుతూ స్వరం పట్టుకోవాలి. మా అమ్మాయి చిన్నప్పుడు పాడిన జారు గమకం ఆ గొట్టం మీద తనంతట తానే వచ్చేసింది. అలా వాయించకూడదని దాన్ని ఎవరూ ఆపలేదు. అది నీ ఇంటి నుంచి తెచ్చుకున్న సొత్తు, దాన్ని వదులుకోకు అని చెప్పిన గురువుకు నేను చేతులెత్తి దండం పెడుతున్నాను.

ఆడపిల్లలను ప్రత్యేకంగా ప్రోత్సహించడం కూడా ఇక్కడ నేను చూశాను. ఊది వాయించే వాద్యాలు, డ్రమ్స్, బేస్ మగపిల్లలవే అన్న పాత అలవాటును వీళ్లు ఒప్పుకోరు. శాక్సఫోన్ వాయించే నుబాయా గార్సియా, కాస్సీ కినోషి, ట్రంపెట్ వాయించే షీలా మారిస్ గ్రే ఇక్కడ తయారైనవాళ్లే. వాళ్లు కలిసి కట్టుకున్న నెరీజా బృందంలో ట్రాంబోన్ కూడా ఒక అమ్మాయిదే. మా అమ్మాయి గోడ మీద ఆ బృందం ఫోటో ఉంది.

2023 సెప్టెంబరులో ఎజ్రా కలెక్టివ్ బృందానికి మెర్క్యురీ బహుమతి వచ్చింది. జాజ్ బృందానికి ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. వాళ్లు ఒకరికొకరు పరిచయమైంది టుమారోస్ వారియర్స్‌లోనే. డ్రమ్స్ వాయించే ఫెమి కొలియోసో బహుమతి అందుకుంటూ, పిల్లలకు సంగీతం నేర్పడానికి తమ కాలాన్ని ధారపోసే మంచి మనుషులదే ఈ విజయం అన్న అర్థంలో మాట్లాడాడు. గ్యారీ గారికి 2009లో ఓబీఈ అనే బ్రిటిష్ రాజ గౌరవం, 2018లో అప్పట్లో రాణి పేరిట ఇచ్చిన సంగీత పతకం వచ్చాయి. ఆ పతకం అందుకున్న మొదటి జాజ్ సంగీతకారుడు ఆయనే. నా లెక్కలో మాత్రం ఆ పతకాల కంటే ఫెమి మాటలే పెద్దవి.

మన తెలుగువాళ్లతో ఒక్క విషయం సూటిగా చెప్పాలి. ఈ సంస్థ నల్లజాతి యువత కోసం, అమ్మాయిల కోసం, డబ్బు లేని పిల్లల కోసం పుట్టింది. కరీబియన్ నుంచి వచ్చినవాళ్లు ఈ దేశంలో అవమానాలు పడి, పోరాడి, తమ పిల్లల కోసం కట్టుకున్న ఇల్లు ఇది. ఆ ఇంట్లో మా అమ్మాయికీ చోటిచ్చారు. మన ఇళ్లలో, మన వేడుకల్లో నల్లజాతివాళ్ల గురించి తేలికగా అనే మాటలు నేను విన్నాను. నాకు అప్పుడూ బాధగానే ఉండేది. ఇప్పుడు నా ఎదుట ఎవరు అన్నా ఊరుకోను. మా బిడ్డ వేళ్లకు, ఊపిరికి, ధైర్యానికి వాళ్లు అన్నం పెట్టారు.

పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని రిమెంబర్ శక్తి బృందంలో వాయించినప్పుడు మనమంతా గర్వపడ్డాం. జాజ్ మనకు దూరమైనదేమీ కాదు. పిల్లలు ఆ దారి అడిగినప్పుడు చదువు పాడవుతుందని భయపడి ఆపకండి. మా అమ్మాయి చదువు పాడవలేదు. వినడం అలవాటయ్యాక లెక్కల పాఠం కూడా ఓపిగ్గా వింటోంది.

మీ పిల్లలు పదకొండేళ్లు దాటి, ఏదో ఒక వాద్యం కొంత వాయిస్తూ ఉంటే సంస్థ వెబ్‌సైట్‌లో చూసి అడగండి. ఫీజు కట్టగలిగిన ఇల్లయితే, ఆ చోటు అవసరమైన మరో బిడ్డకు వదిలి, విరాళం ఇవ్వండి. ఇది స్వచ్ఛంద సంస్థ. దాతల సొమ్ము తగ్గితే ఉచిత పాఠాలు తగ్గుతాయి. వాళ్ల పిల్లలు వాయించే కచేరీలకు టికెట్ కొనుక్కుని వెళ్లడం కూడా సాయమే. మా ఇద్దరి జీతాల్లోంచి నెలకు కొంత వాళ్లకు పంపాలని ఈ నెల నుంచి మొదలుపెట్టాం. చిన్న మొత్తమే, కానీ ఆపం.

గ్యారీ గారూ, జనీన్ గారూ, అక్కడ నేర్పుతున్న గురువులందరూ, తలుపు దగ్గర మా పిల్లల పేర్లు రాసుకునేవాళ్లూ, మీకు మా నిండు నమస్కారాలు. దరఖాస్తు గురించి తెలుగు తల్లిదండ్రులు ఎవరైనా అడగాలనుకుంటే ఇక్కడే కింద రాయండి. రాత్రి పని నుంచి వచ్చి కాస్త నిద్రపోయాక, మధ్యాహ్నం కూర్చుని అందరికీ జవాబిస్తాను.