విద్యాయాత్రంటే సెల్ఫీలేనా?

సంపాదకులకు,

పర్యావరణ పర్యాటకం, ఆదివాసీ సంస్కృతుల అధ్యయనం పేరిట విద్యార్థులను విదేశాలకు తీసుకెళ్లడం మంచిదే. కానీ చాలా యాత్రలు ఒక నృత్య ప్రదర్శనతో, నాలుగు సెల్ఫీలతో ముగిసిపోతున్నాయి.

ఆస్ట్రేలియాలోని ఉలూరు సంగతే చూడండి. ఆ ఎర్రటి రాతికొండ అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలకు పవిత్రం. 1985లో ప్రభుత్వం ఆ భూమిపై హక్కును వాళ్లకు తిరిగి ఇచ్చింది. కొండ ఎక్కవద్దని వాళ్లు ఎంత వేడుకున్నా సందర్శకులు ఎక్కుతూనే వచ్చారు. చివరికి 2019 అక్టోబర్ 26న ఎక్కడాన్ని పూర్తిగా నిషేధించారు. అక్కడికి వెళ్లిన విద్యార్థి అడగాల్సింది కొండ ఎత్తెంతని కాదు (348 మీటర్లు, ఫోన్‌లోనే దొరుకుతుంది). హక్కు చేతికొచ్చాక కూడా 34 ఏళ్లు ఎందుకు ఆగాల్సి వచ్చిందని అడగాలి.

న్యూజిలాండ్‌లోని కైకోరాది ఇంకో కథ. ఉపాధి కరువైన రోజుల్లో, 1987లో, అక్కడి ఆదివాసులైన మావోరీల కుటుంబాలు కొన్ని ఇళ్లు తాకట్టు పెట్టి మరీ పర్యాటకులకు తిమింగలాలను చూపించే సంస్థను మొదలుపెట్టాయి. ఒకప్పుడు వాటిని వేటాడిన తీరమది! అక్కడ టికెట్ డబ్బు ఎవరికి చేరుతోంది, రోజుకు ఎన్ని పడవలు వెళ్లాలో ఎవరు నిర్ణయిస్తున్నారు అని ఆరా తీస్తే, అదే అసలైన చదువు.

అందుకే కాలేజీలు ప్రయాణానికి ముందే ఆ ప్రజల చరిత్ర చెప్పాలి. అనుమతి లేకుండా ఫొటోలు తీయనివ్వకూడదు. స్థానిక గైడ్లకే పని ఇవ్వాలి. విద్యార్థులు రాసిన నివేదిక మార్కులు పడ్డాక బీరువాలోకి పోతోంది. దాని కాపీ ఒకటి ఆ ఊరికీ పంపాలి.

- ఒక అధ్యాపకురాలు