పిల్ల ప్రాసెస్ లెక్క తల్లికి చేరాలంటే

ఒరేయ్ శీనూ,

నీ ప్రశ్న చదివాను. తల్లి ప్రాసెస్ పిలిచి నడిపే పిల్ల ప్రాసెస్‌లో ఫైలు వరుసల లెక్క బాగానే వస్తోంది, తల్లి ప్రాసెస్‌లోకి వచ్చేసరికి సున్నా అయిపోతోంది అన్నావు. కంపెనీల బడ్జెట్, ప్లానింగ్ లెక్కలు నడిపే టీఎం1 డేటాబేస్‌లో టర్బో ఇంటిగ్రేటర్ స్క్రిప్టులు, అంటే ఈ ప్రాసెస్‌లు, రాసేవాళ్లు దాదాపు అందరూ ముందు తట్టుకుని పడే రాయి అదే. (2007లో టీఎం1 తయారుచేసే అప్లిక్స్‌ని కాగ్నోస్, మరుసటి ఏడాది కాగ్నోస్‌ని ఐబీఎం కొనేశాయి. పేరు ప్లానింగ్ అనలిటిక్స్ అయినా లోపలి ఇంజిన్‌ని జనం ఇంకా టీఎం1 అనే అంటారు. నేనూ అలాగే అంటాను.)

ముందు పారామీటర్ల సంగతి. పిల్లని పిలిచే ఎగ్జిక్యూట్‌ప్రాసెస్ ఫంక్షన్‌కి పేరు, విలువ జతలుగా ఇచ్చేవి పైనుంచి కిందికే పోతాయి. పిల్లలో దాని విలువ మార్చినా తల్లికి తెలియదు. పారామీటర్ పేరు తప్పు రాస్తే రన్ అయ్యేటప్పుడే ఎర్రర్ కొడుతుంది, అది నయం. అసలు పంపడమే మర్చిపోయావనుకో, డీఫాల్ట్ విలువతో నోరు మూసుకుని నడిచిపోతుంది. టెస్టింగ్‌లో పెట్టిన పాత సంవత్సరం డీఫాల్ట్‌గా ఉండిపోయిందా, ఆ ఏడాది డేటా మీదే కొత్తది రాసి కూర్చుంటుంది. అందుకే డీఫాల్ట్ ఖాళీగా ఉంచి, ఖాళీ వస్తే ప్రోలాగ్‌లోనే, అంటే డేటా చదవకముందు నడిచే మొదటి భాగంలోనే, ఆపేయి.

ఇక కిందినుంచి పైకి. ఎగ్జిక్యూట్‌ప్రాసెస్ తిరిగి ఇచ్చేది ప్రాసెస్ ఎలా ముగిసిందన్న కబురు మాత్రమే. దాన్ని ప్రాసెస్‌ఎగ్జిట్‌నార్మల్, ప్రాసెస్‌ఎగ్జిట్‌మైనర్‌ఎర్రర్ లాంటివాటితో పోల్చుకోవాలి. లెక్క కావాలంటే తల్లికీ పిల్లకీ ఇద్దరికీ కనబడే గ్లోబల్ వేరియబుల్ పెట్టాలి. అంకెలకి న్యూమరిక్‌గ్లోబల్‌వేరియబుల్, అక్షరాలకి స్ట్రింగ్‌గ్లోబల్‌వేరియబుల్. బ్రాకెట్లో సింగిల్ కోట్స్ మధ్య పేరు, చివర సెమీకోలన్. ఈ లైను తల్లి ప్రోలాగ్‌లోనూ ఉండాలి, పిల్ల ప్రోలాగ్‌లోనూ ఉండాలి, పేరు అక్షరం తేడా లేకుండా. నీ దగ్గర జరిగింది ఇదే అయ్యుంటుంది: తల్లిలో డిక్లేర్ చేసి, పిల్లలో నేరుగా విలువ ఇచ్చేశావు. డిక్లరేషన్ లేదు కాబట్టి అదే పేరుతో అక్కడో లోకల్ వేరియబుల్, అంటే ఆ ప్రాసెస్‌కి మాత్రమే కనబడేది, పుట్టింది. ఎర్రరూ లేదు, హెచ్చరికా లేదు. ప్రాసెస్ ముగియగానే అదీ పోయింది.

ఇంతవరకూ తేలికే. అసలు తంటా తర్వాత మొదలవుతుంది. రెండోసారి డిక్లేర్ చేసినంత మాత్రాన గ్లోబల్ విలువ మళ్లీ సున్నా కాదు, పాతదే ఉంటుంది. నీలాగే తల్లి ప్రాసెస్ 12 నెలల ఫైళ్ల మీద వైల్ లూప్ తిప్పుతోందనుకో. జూన్ ఫైల్లో 1,840 వరుసలు వచ్చాయి. జూలై ఫైలు ఇంకా రాలేదు. పిల్ల ప్రోలాగ్‌లో ఫైలు ఉందా అని చూసే ఫైల్‌ఎగ్జిస్ట్స్ సున్నా ఇచ్చింది, అక్కడ నువ్వు ప్రాసెస్‌ని ఆపేసే ప్రాసెస్‌క్విట్ పెట్టావు. క్విట్ అయితే ఎపిలాగ్, అంటే డేటా అంతా చదివాక నడిచే చివరి భాగం, నడవదు. ఎపిలాగ్‌లో నువ్వు లెక్క అప్పజెప్పే లైను కూడా నడవదు. తల్లి లాగ్‌లో మాత్రం "జూలై: 1,840 వరుసలు" అని ఠీవిగా కనిపిస్తుంది. నెల చివర ఆడిట్ వాళ్లు అడిగేదాకా ఎవరి కంటా పడదు.

దీనికి విరుగుడు: ప్రతి పిలుపుకీ ముందు తల్లే ఆ గ్లోబల్‌ని మైనస్ 1 చేయాలి. సున్నా ఎందుకు కాదంటే, ఖాళీ ఫైలుకి సున్నా కూడా సరైన జవాబే. పిల్లలో లెక్కపెట్టేది వేరే లోకల్ వేరియబుల్‌తో: ప్రోలాగ్‌లో సున్నా చేసి, ప్రతి వరుసకీ నడిచే డేటా ట్యాబ్‌లో వరుసకి ఒకటి చొప్పున పెంచి, ఎపిలాగ్ ఆఖరి లైన్లో గ్లోబల్‌లోకి వేయి. తల్లికి మైనస్ 1 కనబడితే పిల్ల చివరిదాకా రాలేదన్నమాట. ఇంకోటి, లెక్కపెట్టే లైను దానికంటే ముందు నడిచే మెటాడేటా ట్యాబ్‌లో కూడా పెట్టకు. రెండు ట్యాబుల్లోనూ కోడ్ ఉంటే ఇంజిన్ సోర్స్‌ని రెండుసార్లు చదువుతుంది, నీ 1,840 కాస్తా 3,680 అవుతుంది.

పేర్ల విషయంలో పిసినారితనం వద్దు. ఎన్‌కౌంట్ లాంటి పేరు ఇంకో పిల్లలోనూ గ్లోబల్‌గా ఉంటే రెండూ ఒకదాన్నొకటి తొక్కేసుకుంటాయి. గ్లోబల్ అని తెలిసేలా ముందు ఒక అక్షరం పెట్టు. క్యూబ్‌వైజ్ అనే కంపెనీ వాళ్లు రెడీమేడ్‌గా ఇచ్చే బెడ్‌రాక్ ప్రాసెస్‌లు తెరిచి చూడు. ఫలితం పైకి పంపడానికి వాటిలో ఒక అంకె, ఒక స్ట్రింగ్, అంతే, అన్ని ప్రాసెస్‌ల్లో ఒకే పేర్లతో ఉంటాయి. అవి ఫలితం పంపడానికే కేటాయించినవి కాబట్టి, పిలుపు అవగానే చదివేస్తే తొక్కుడు గొడవ ఉండదు. నాకైతే ఆ పద్ధతే నచ్చుతుంది.

సెషన్ వేరియబుల్స్ వాడొచ్చా అన్నావు. న్యూమరిక్‌సెషన్‌వేరియబుల్‌లో పెట్టిన విలువ యూజర్ లాగౌట్ అయ్యేదాకా బతుకుతుంది. పొద్దున నడిపిన ప్రాసెస్ మిగిల్చిన విలువ మధ్యాహ్నం దానికి తగలొచ్చు, అందుకే నేను దూరంగా ఉంటాను. పైగా నువ్వు చేత్తో నడిపినప్పుడు పెట్టిన విలువ రాత్రి షెడ్యూల్ మీద నడిచే చోర్‌కి కనబడదు, అది వేరే సెషన్.

రన్‌ప్రాసెస్‌తో వేరే థ్రెడ్‌లోకి వదిలిన ప్రాసెస్‌ నుంచి కూడా గ్లోబల్ ఆశించకు. తల్లి దాని కోసం ఆగదు కదా. అక్కడ చిన్న కంట్రోల్ క్యూబ్ (టీఎం1లో డేటా దాచే పట్టిక లాంటిది) పెట్టుకుని సెల్‌పుట్‌ఎన్‌తో రాసి, అన్నీ అయ్యాక సెల్‌గెట్‌ఎన్‌తో చదువు. ఒకే సెల్‌లో అందరూ రాయకుండా ప్రతి రన్‌కీ ఒక ఎలిమెంట్, అంటే పట్టికలో ఒక వరుస పేరు లాంటిది, ఇవ్వు. దానికి ప్రాసెస్ ఎవరు నడుపుతున్నారో చెప్పే టీఎం1యూజర్ ఫంక్షన్ వాడదామనిపిస్తుంది, కానీ చోర్‌లో అది మనిషి పేరు ఇవ్వదు. ఆర్, నక్షత్రం గుర్తు, చోర్ పేరు కలిపి ఇస్తుంది. యూజర్ల జాబితా అయిన క్లయింట్స్ డైమెన్షన్‌లో అలాంటి ఎలిమెంట్ ఉండదు కాబట్టి రాయబోతే ఎర్రర్. నెల ఎలిమెంట్ చాలు నీకు.

ఇవాళే రెండు చోట్ల, విలువని లాగ్‌లో రాసే లాగ్‌అవుట్‌పుట్ వేయి: పిల్ల ఎపిలాగ్ చివర ఒకటి, తల్లిలో పిలుపు తర్వాత ఒకటి. మొదటిది 1,840, రెండోది మైనస్ 1 అయితే డిక్లరేషన్ లైన్లు పక్కపక్కన పెట్టి చూడు. మొదటి లైను అసలు లాగ్‌లోనే లేకపోతే పిల్ల మధ్యలోనే క్విట్ అయింది. అప్పటికీ తేలకపోతే రెండు ప్రోలాగ్‌లూ కాపీ చేసి పంపించు, స్క్రీన్‌షాట్ కాదు, టెక్స్ట్.

ఉంటాను రా,
నీ మూర్తి