కంటికి ఆనని గీత

పాకాల,
ఆదివారం.

చిరంజీవి కల్యాణికి నాయన ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. అవ్వకు మోకాళ్ల నొప్పి కొంచెం తగ్గింది. పొద్దున లేస్తూనే నీ గురించే అడుగుతోంది.

మొన్న రాత్రి ఫోన్లో నువ్వు ఏడ్చినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు పాపా. "మా సోలార్ పలకల ఫ్యాక్టరీలో టెస్టు చేసి, కంటికి కనపడని గీత ఉందని పలక పక్కన పెడితే పని లైన్ ఆగిపోతోందంటారు, నేనే తప్పు చేసినట్టు చూస్తారు" అన్నావు. ఆ పూట ఏం చెప్పాలో నాకు తోచలేదు. రెడ్డప్ప మామ బోరు సంగతి నీకు పూర్తిగా తెలియదు, అందుకే ఇది రాస్తున్నా.

మామ పొలంలో సోలార్ మోటారు పెట్టిన మూడో ఏడు నీళ్లు సన్నబడ్డాయి. మోటార్లు బాగుచేసే నన్నే పిలిచాడు. బోరు ఎండుతోందని చెప్పింది నేనే. నా మాట నమ్మి అప్పు తెచ్చి ఇంకో నాలుగు పైపులు దించాడు. నీళ్లు పెరగలేదు. ఆ తరువాత ఒక మధ్యాహ్నం పలకల దగ్గర మీటరు పెట్టి చూస్తే, నడినెత్తిన ఎండ ఉన్నా రావాల్సిన కరెంటులో సగమే వస్తోంది. పైకెక్కి చూశాను. రెండు పలకల్లో సెల్స్ మీద, అంటే ఎండను కరెంటుగా మార్చే పల్చటి సిలికాన్ బిళ్లల మీద, నత్త పాకినట్టు సన్నటి చారలు. లోపల సెల్ చీలిన చోట అట్లా చారలు పడతాయని నాకు తరువాత తెలిసింది. అవి ఫ్యాక్టరీలోనే చీలాయో, లారీలో కుదుపులకు చీలాయో, బిగించేటప్పుడు ఎవరైనా కాలు పెట్టారో చెప్పలేను. మామ అప్పు మాత్రం నా నోటి మాట వల్లే. అది ఇప్పటికీ నా గుండెల్లో ఉంది.

సెల్ మందం ఇంచుమించు రెండు తలవెంట్రుకలంతేనని నువ్వే చెప్పావు. పగలు ఎండకు సాగి, రాత్రి చలికి ముడుచుకుంటూ ఉంటే ఆ గీత ఏడాదికేడాది పాకుతుంది. పలకలన్నీ వరసగా కలిపి ఉంటాయి కాబట్టి, డ్రిప్ పైపు ఒక్కచోట మడత పడితే వెనకంతా నీళ్లు తగ్గినట్టు, ఒక్క సెల్ నీరసపడితే వరసంతా నీరసపడుతుంది. మీ చీకటి గదిలో పలకకు కరెంటు ఇచ్చి కెమెరాతో చూస్తారు చూడు, చీలి తెగిపోయిన భాగం నల్లగా కనపడుతుందన్నావు. రెడ్డప్ప మామకు గానీ నాకు గానీ ఆ కెమెరా లేదు. మా తరఫున చూసేది నువ్వే. పైగా గాజు మీద అతికించక ముందే గీత దొరికితే ఆ ఒక్క సెల్ మార్చి పలకను బతికించవచ్చు. అతికించాక దొరికితే పలకంతా పోయినట్టే. అందుకని అతికించక ముందు చేసే టెస్టు దగ్గర నిలబడ్డవాళ్లు తొందరపడకూడదు.

ఇంకో సంగతి. సోలార్ అంటే పొగ లేనిది అనుకుంటారు. పలక పుట్టేటప్పుడు పొగ ఉంది. క్వార్ట్జ్ రాయిని బొగ్గుతో కలిపి రెండు వేల డిగ్రీల దాకా కాల్చి సిలికాన్ తీయాలి, దాన్ని మళ్లీ శుద్ధి చేయాలి, కరిగించి కడ్డీ తీయాలి. ఈ పనుల్లో ఎక్కువ భాగం చైనాలోనే జరుగుతోంది, అక్కడి కరెంటులో సగానికి పైగా బొగ్గుదే. అంటే ప్రతి పలకా పొగ అప్పుతో పుడుతుంది. మన రాయలసీమ ఎండలో ఏడాదికో, ఏడాదిన్నరకో ఆ అప్పు తీర్చేస్తుంది. ఆ తరువాత ఇచ్చేదంతా మిగులే. 550 వాట్ల పలక ఇక్కడ ఏడాదికి సుమారు 800 యూనిట్లు ఇస్తుంది. బొగ్గు కరెంటు యూనిట్‌కు దగ్గర దగ్గర కిలో కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. పాతికేళ్లు బతికితే ఒక్క పలక పదిహేను టన్నులకు పైనే ఆపుతుంది. ఏడో ఏటనే పోయిందనుకో, లెక్క నువ్వే వేసుకో, నాకంటే బాగా చదివావు.

2021 నవంబర్ నీకు గుర్తుందా? తిరుపతి వీధులు ఏరులై పారాయి, కపిలతీర్థం దగ్గర నీళ్లు కొండ విరుచుకుపడ్డట్టు దూకాయి. రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది ఊళ్ల వాళ్లు పిల్లల్నెత్తుకుని గట్టు మీదికి పోయారు. ఆ ఒక్క వానకు వేడెక్కిన గాలే కారణమని నేననను, తుఫాన్లు ముందూ ఉన్నాయి. కానీ గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టుకుంటుందట. అది దిగేటప్పుడు మన చెరువు కట్టల మీదే కదా దిగేది. ఆ రాత్రి నిన్ను పొదివి పట్టుకుని కూర్చున్న మీ అమ్మ, మామిడి కాపు కంటే ముందు నీ ఉద్యోగం సంగతే ఊరంతా చెప్పుకుంటోంది.

సూపర్‌వైజర్‌తో గొడవ పడొద్దు. పలక నంబరు, ఫొటో, టైము రిజిస్టర్లో రాసి సంతకం పెట్టించుకో. కాగితం మీద ఉంటే మాట తిరగదు. మరీ ఇబ్బంది పెడితే ఉద్యోగం మానేసి వచ్చెయ్, ఇల్లు ఉంది. గీత ఉన్న పలకను మాత్రం మంచిదని పంపొద్దు పాపా.

చెనక్కాయలు వేయించి డబ్బాలో పెట్టింది అమ్మ. శుక్రవారం బస్సులో పంపిస్తా. రెడ్డప్ప మామకు ఆ రెండు పలకలూ మార్చి బిగించాను, కూలి తీసుకోలేదు. ఇప్పుడు పొద్దున తొమ్మిదికే నీళ్లు కాలువ దాటుతున్నాయి. నువ్వు సంక్రాంతికి వస్తే చూద్దువు.

నాయన