కొట్టు అమ్మలేదు, సిమెంటు సప్లయర్‌ను మార్చాం

మా దగ్గర సిమెంటు, ఇనుము తీసుకునే మేస్త్రీలకు, ఇళ్లు కట్టుకుంటున్నవారికి, పాత ఖాతాదారులందరికీ నమస్కారం.

కొన్నాళ్లుగా పెందుర్తిలో మా గురించి రెండు మాటలు తిరుగుతున్నాయి. రైలు పట్టాల పక్కన కొత్త గూడ్స్ టెర్మినల్ (గూడ్సు రైళ్ల సరుకు ఎక్కించి దింపే చోటు) వస్తోందని, దానికోసం మా కొట్టు స్థలం అమ్మేశామని ఒకటి. మా సిమెంటు గడ్డలు కట్టి వస్తోందని ఇంకొకటి. మొదటిది అబద్ధం. రెండోది కొన్ని వారాలపాటు నిజమే. రెండింటికీ లోపల ఒక లింకు ఉంది కాబట్టి ఒకేచోట చెబుతున్నాను.

స్థలం మా నాన్నగారు కొన్నది. అమ్మలేదు, అమ్మే ఆలోచన కూడా లేదు. సర్వే వాళ్లు కొలిచింది మా వెనకవైపు పొలాలను. ఆ సంగతి అంతే.

సిమెంటు సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. మాకు ఇన్నాళ్లూ పల్నాడు వైపు ఫ్యాక్టరీ సరుకు రైల్లో వచ్చేది. రైల్లో అంటే నాలుగైదు వ్యాగన్లు కాదు, రేక్ మొత్తం, అంటే గూడ్సు రైలంతా ఒకేసారి దిగాలి. 42 వ్యాగన్ల రేక్ అయితే సుమారు 2,600 టన్నులు, అంటే 50 కిలోల బస్తాలు యాభై వేల పైమాటే. రైల్వే గూడ్స్ షెడ్డులో రేక్ పెట్టిన దగ్గర్నుంచి రైల్వే లెక్క మొదలవుతుంది. ఇచ్చిన గడువులో వ్యాగన్లన్నీ ఖాళీ చేయాలి, దాటితే వ్యాగనుకు గంటకు ఇంతని డెమరేజ్ అనే జరిమానా పడుతుంది. దింపిన సరుకు ప్లాట్‌ఫారం మీదే ఉండిపోతే వార్ఫేజ్ అనే చార్జీ వేరే కట్టాలి. అర్ధరాత్రి రేక్ వచ్చినా బస్తాలు దింపే కళాసీలు లేచి రావాల్సిందే. వాన పడుతోందని పని ఆపితే ఆ డబ్బు సరుకు తెప్పించే సప్లయర్ జేబులోంచి పోతుంది.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను కాకినాడకు దక్షిణంగా, నరసాపురం దగ్గర తీరం దాటింది. దానికి ముందునుంచే మన దగ్గర వానలు. సరిగ్గా ఆ రోజుల్లోనే మా సప్లయర్‌కు రేక్ వచ్చింది. ఆ షెడ్డులో కప్పు ఉన్నది సగం మేరకే. మిగతా వ్యాగన్ల సరుకు బరకాలు కప్పి బయటే ఉంచారు. బరకం పైనుంచి పడే వానను ఆపుతుంది గాని, నేల మీద పారే నీళ్లను ఆపలేదు కదా. అడుగు వరసలు తడిసిపోయాయి.

తుపానుకు నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు. నా మనసు విరిగింది ఆ తర్వాత జరిగినదానికి. తడిసిన బస్తాలను పక్కన పడేయకుండా, సంచులు ఆరాక మంచి సరుకుతో కలిపి లారీ ఎక్కించారు. పై వరసల్లో మంచివి, మధ్యలో ఇవి. దింపేటప్పుడు మా కుర్రాళ్లకు తేడా తెలిసే అవకాశమే లేదు. చినముషిడివాడలో ఒక ఇంటికి శ్లాబ్ వేసే రోజు పొద్దున్న మా పాత మేస్త్రిగారు ఒకాయన బస్తా విప్పి, చేతిలోకి తీసుకుని చూసి, పని ఆపించేశారు. అప్పటికే మిక్సర్ వచ్చి ఉంది, కూలీలు వచ్చి ఉన్నారు, ఇంటివాళ్లు కొబ్బరికాయ కొట్టేశారు. అలాంటప్పుడు ‘ఆపండి’ అనడానికి ఎంతో గుండె ధైర్యం కావాలి. ఆయనకు ఎన్నిసార్లు దండం పెట్టినా తక్కువే. ఆ ఇంటికి బస్తాలన్నీ మార్చి ఇచ్చాం, ఆ రోజు కూలి మేమే కట్టాం.

సప్లయర్‌కు ఫోన్ చేస్తే వచ్చిన జవాబు ఇది: ‘బస్తాను నేల మీద నాలుగుసార్లు దొర్లించండమ్మా, పొడి అయిపోతుంది.’

నాన్నగారి చేతికింద పని నేర్చుకుని, ఈ కొట్టులోనే జుట్టు నెరిసిన మనిషిని నేను. బస్తాల బరువుకు అడుగున ఉన్నది బిగుసుకుంటే, దొర్లించినప్పుడు అది విడిపోతుంది. తడి తగిలి కట్టిన గడ్డ అలా విడిపోదు. వేళ్ల మధ్య నలిపితే రాయిలా నిలుస్తుంది. దాని బలం అప్పటికే చాలావరకు పోయినట్టు. ఈ తేడా నాకు తెలియదనుకుని ఆ మాట అన్నారో, తెలిసినా నేనేం చేయలేననుకుని అన్నారో గాని, ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. బస్తాలు వెనక్కి తీసుకోమంటే, కావాలంటే రైల్వే మీద క్లెయిమ్ వేసుకోమన్నారు. రైల్వే రసీదు నా పేరున ఉండదు. ఆ సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు.

ఇంత జరిగాక అదే మనిషి మా కొట్టుకు ఒక అగ్రిమెంటు కాగితం పట్టుకొచ్చారు. కొత్త టెర్మినల్ వస్తే అందులో గోడౌన్ తీసుకుంటారట. మూడేళ్లు ఆయన దగ్గర తప్ప ఇంకెక్కడా కొనకూడదు. ఎత్తితే లారీ లోడే ఎత్తాలి. దానికి బస్తా రేటు తగ్గిస్తారు. నిజం చెబుతున్నాను, ఆ రేటు మంచి రేటే. టెర్మినల్ మా దగ్గర్లోనే వస్తే, షెడ్డు నుంచి మా కొట్టుకు అప్పట్లో అయ్యే లారీ కిరాయిలో చాలా మిగులుతుంది. మా తమ్ముడు సంతకం పెట్టేయమన్నాడు. పిల్లల చదువులు, బ్యాంకు వాయిదాలు అన్నీ ముందుపెట్టుకుని లెక్కలు వేశాను. పెడితే లాభం, పెట్టకపోతే పక్కవాడు పెడతాడు. రోజూ రాత్రి కొట్టు మూశాక ఆ కాగితం తీయడం, చదవడం, మళ్లీ డ్రాయరులో పెట్టడం. చెప్పుకోలేనంత టెన్షన్ పడ్డాను.

చివరికి ఒక్క షరతు దగ్గర ఆగిపోయాను. గోడౌన్ గేటు దాటాక బస్తా మంచిచెడ్డలకు పూర్తి బాధ్యత డీలరుదేనని అందులో రాసి ఉంది. అంటే మొంథా నాటి సరుకు మళ్లీ వచ్చినా నేను నోరెత్తకూడదు. మీరు మాత్రం నా దగ్గరికే వస్తారు, రావాలి కూడా. ఇంకోటి, లారీ లోడు లెక్క మీద పడితే పది బస్తాలు, ఐదు బస్తాలు తీసుకునేవారికి చోటుండదు. బాత్రూం కట్టుకునేవాళ్లు, గోడ పగిలితే పూత వేయించుకునేవాళ్లు ఎక్కడికి పోవాలి? మా కొట్టు నిలబడిందే వాళ్లవల్ల. కాగితం వెనక్కి పంపించేశాను. ఇది మొండితనం అన్నవాళ్లున్నారు. అననీయండి.

టెర్మినల్‌కు నేను వ్యతిరేకమని మాత్రం అనుకోవద్దు. రావాలనే కోరుకుంటున్నాను. 2021 డిసెంబరులో రైల్వే గతిశక్తి కార్గో టెర్మినల్ విధానం తెచ్చాక ప్రైవేటువాళ్లకు టెర్మినల్ కట్టుకోవడం తేలికైంది. మెయిన్ లైనుకు కలిపే పట్టాలకు వాడే రైల్వే భూమికి లైసెన్సు ఫీజు లేదు, శాఖాపరమైన చార్జీలు ఎత్తేశారు. రేక్ పొడవునా కప్పు, గట్టి నేల ఉన్న షెడ్డు మన దగ్గర్లో ఉంటే బస్తా తడిసే సమస్యే ఉండదు.

నా భయమల్లా మన లైను రద్దీ గురించి. హౌరా–చెన్నై మెయిన్ లైను మన పెందుర్తి మీదుగానే పోతుంది. కిరండూల్ నుంచి ఇనుప ఖనిజం తెచ్చే లైను కొత్తవలసలో వచ్చి కలుస్తుంది. అక్కడి నుంచి ఇటు ఎక్స్‌ప్రెస్‌లు, ప్యాసింజర్లు, ఖనిజం రేకులు అన్నీ ఒకదాని వెనక ఒకటి. ఇంజిన్లతో కలిపి రేక్ 650 మీటర్ల దాకా ఉంటుంది. టెర్మినల్ లోపలి పట్టాలు అంత పొడవు లేకపోతే రేక్‌ను రెండు ముక్కలు చేసి ముందుకీ వెనక్కీ లాగాలి. అంతసేపూ మెయిన్ లైను మీద బండ్లు ఆగుతాయి, రైల్వే గేటు దగ్గర మనం ఆగుతాం. పైగా రేక్ దిగిన ప్రతిసారీ వందల లారీలు బయటికి రావాలి. అవి బడి పిల్లలు నడిచే మన సన్న రోడ్డు మీదుగా కాకుండా వేరే దారిలో పోవాలి. ఊరి మీటింగు పెడితే ఈ రెండూ అడుగుతాను. మీరూ వచ్చి అడగండి.

ఇక మా కొట్టు సంగతి. ఇప్పుడు సిమెంటు వేరే ఫ్యాక్టరీ నుంచి నేరుగా లారీలో వస్తోంది. రోడ్డు కిరాయి ఎక్కువ కాబట్టి బస్తాకు 8 రూపాయలు పెరిగింది. అందులో కొంత మేం భరిస్తున్నాం, మొత్తం భరించే శక్తి లేదు. బస్తా మీద తయారైన వారం, నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయి. కుర్రాళ్లను అడిగి, చూసి మరీ ఎక్కించుకోండి. మూడు నెలలు దాటిన బస్తా మా దగ్గర అమ్మం. సైటులో విప్పాక గడ్డలు కనిపిస్తే ఆ బస్తా మాకు పంపండి, కిరాయి మాదే. మీరు కూడా సిమెంటును నేలకు ఆనించకుండా చెక్కల మీద, గోడకు కనీసం అడుగు దూరంలో పెట్టుకోండి. పది వరసలకు మించి పేర్చవద్దు. ఐదు బస్తాలైనా ఎప్పటిలాగే టాటా ఏస్‌లో పంపిస్తాం. మేస్త్రీల ఖాతాల్లో ఏ మార్పూ లేదు.

అక్టోబరు ఆఖరు వారం నుంచి నవంబరు మధ్య వరకు మా బిల్లు మీద సిమెంటు తీసుకున్నవారి దగ్గర విప్పని బస్తాలు ఇంకా ఉంటే వాడకండి. బిల్లు పోయినా ఫరవాలేదు, పుస్తకంలో మీ పేరు ఉంటుంది. ఒక ఫోన్ చేస్తే మా బండే వచ్చి పాతవి తీసుకుని కొత్తవి దింపి వెళ్తుంది.