గల్ఫ్‌లో వయసు మళ్లినవారికి పింఛనేదీ?

సంపాదకులకు,

జగిత్యాల, నిజామాబాద్ పల్లెల నుంచి పాతికేళ్ల వయసులో గల్ఫ్ వెళ్లినవారు ఇప్పుడు అరవైకి చేరుతున్నారు. తలకు రంగేసుకుని, మోకాళ్ల నొప్పికి మాత్ర మింగి పనికెక్కుతున్నారు. అక్కడ మన కూలీకి సర్వీసు ముగింపు సొమ్మే తప్ప పింఛను లేదు. కేంద్రం 2012లో తెచ్చిన మహాత్మాగాంధీ ప్రవాసీ సురక్షా యోజన పింఛను ఆశ చూపి 2017లో మూతబడింది. కేరళ 2008 చట్టంతో సంక్షేమ బోర్డు పెట్టి, చందా కట్టిన ప్రవాసులకు అరవై నిండాక నెలనెలా పింఛను ఇస్తోంది. తెలంగాణలో, గల్ఫ్‌లో చనిపోతే కుటుంబానికి రూ.5 లక్షలు ఇస్తున్నారు. మంచిదే, కానీ సాయం అందాలంటే మనిషి పోవాల్సిందేనా? ఇక్కడా అలాంటి బోర్డు పెట్టాలి. యాభై దాటినవారి చందాలో ప్రభుత్వమూ వాటా వేయాలి.

– ఒక గల్ఫ్ కార్మికుడి కుమారుడు, కోరుట్ల